వరుస హంతకులను ఏ గడిలో పెట్టాలి? గొర్రెకుంట కేసుతో మొదలైన సందేహం

వేదవతి
ఆదివారం, ఉదయం 10:15

సభ్యులందరికీ నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. ఈ ఏడాది నేరప్రవృత్తికి సంబంధించిన పాఠాలన్నీ తెలుగులో రాసి ఇవ్వాలని పూనుకుని, వరుస హత్యల పాఠం దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. అమెరికా ఉదాహరణలతో ఆ పాఠాన్ని నింపడం తేలికే. కాని పిల్లలు మన జిల్లాల కేసుల గురించి అడుగుతారు, అడగాలి కూడా. వారు అందరికన్నా ముందు అడిగేది 2020 మే నెలలో వరంగల్ దగ్గర గొర్రెకుంటలో, పాడుబడిన బావిలో తొమ్మిది మృతదేహాలు బయటపడిన కేసు గురించే.

ఆ కేసులో దోషిగా తేలిన వ్యక్తి ఒక్క రాత్రిలో తొమ్మిది మందికి భోజనంలో నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పినవారిని బావిలో పడవేశాడు. అంతవరకే చూస్తే అది సామూహిక హత్య. కాని అదే ఏడాది మార్చిలో, అదే కుటుంబానికి బంధువైన ఒక స్త్రీని రైలు ప్రయాణంలో హతమార్చాడు. ఆమె ఏమైందని ఇంటివాళ్ళు నిలదీయడం వల్లనే మే నెల ఘోరం జరిగింది. రెండు వేర్వేరు ఘటనలు, మధ్యలో రెండు నెలల పైన వ్యవధి. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వాడే నిర్వచనం ప్రకారం ఒకే వ్యక్తి వేర్వేరు ఘటనలలో ఇద్దరిని లేదా అంతకన్నా ఎక్కువ మందిని చంపితే అది వరుస హత్యే. అలాగైతే గొర్రెకుంట దోషిని వరుస హంతకుడని పాఠంలో రాయాలా? రాయడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు, ఎందుకు ఒప్పుకోవడం లేదో నిలబెట్టి చెప్పలేకపోతున్నాను. అనుభవజ్ఞులు దారి చూపాలి.


పాత కేసు డైరీ
ఆదివారం, మధ్యాహ్నం 12:40

వేదవతి గారూ, నేను పోలీసు శాఖలో సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ కేసు దర్యాప్తులో నేను లేను, కాబట్టి దాని లోతుపాతుల జోలికి పోను. మీరడిగిన నిర్వచనం సంగతి మాత్రం చెప్పగలను.

ఎఫ్‌బీఐ 2005లో టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో నిపుణులను సమావేశపరిచి, 2008లో ఆ చర్చల నివేదికను ప్రచురించింది. మీరు చెప్పిన నిర్వచనం అందులోదే. అంతకు ముందు, 1998లో అక్కడ చేసిన చట్టంలో ఆ సంఖ్య మూడు. మూడును రెండుకు ఎందుకు తగ్గించారు? మూడో శవం దొరికేదాకా ఆగకుండా, రెండో శవం దగ్గరే రెండు స్టేషన్ల వాళ్ళు కలిసి కూర్చుని కాగితాలు పోల్చుకోవడానికి. అంటే అది దర్యాప్తు బృందాలను కదిలించడానికి పెట్టిన నిర్వచనం. హంతకుడి మనసు గురించి అది ఏమీ చెప్పదు, చెప్పాలని ఉద్దేశించినదీ కాదు.

గొర్రెకుంటలో రెండో ఘటన మొదటి దానిని కప్పిపుచ్చడానికి జరిగింది. చంపడమే అతనికి అవసరమై మళ్ళీ మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళినట్టు ఎక్కడా కనబడదు. లెక్క ప్రకారం వరుస హత్య, స్వభావం ప్రకారం కాదు. మీ మనసు ఒప్పుకోకపోవడానికి కారణం అదేనని నా అభిప్రాయం. వరంగల్ కోర్టు అదే ఏడాది అక్టోబరులో మరణశిక్ష విధించింది. ఆ తీర్పుకు అతడిని ఏ పేరుతో పిలవాలన్న ప్రశ్నతో పని పడలేదు.


తుంగభద్ర
ఆదివారం, సాయంత్రం 4:05

పాత కేసు డైరీ గారు చెప్పినది పాఠం మొదటి పేజీలోనే ఉండవలసిన మాట. నేను ఈ విషయం మీదే పరిశోధన చేస్తున్నాను కాబట్టి, వర్గీకరణలు ఎక్కడ పుట్టాయో కాస్త వివరంగా రాస్తాను. పుట్టుక తెలిస్తే వాటి మీద ఎంత బరువు మోపవచ్చో తెలుస్తుంది.

ఎఫ్‌బీఐ 1972లో వర్జీనియా రాష్ట్రంలోని క్వాంటికోలో ప్రవర్తనా శాస్త్ర విభాగాన్ని నెలకొల్పింది. ఆ విభాగానికి చెందిన రాబర్ట్ రెస్లర్, జాన్ డగ్లస్ జైళ్ళకు వెళ్ళి హంతకులతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ సంభాషణలను అధ్యయనంగా మలచడంలో ఆన్ బర్జెస్ అనే మనోవైద్య నర్సు పాత్ర చాలా పెద్దది, ఆమె పేరు మన పాఠాలలో తరచు జారిపోతుంది. మొత్తం 36 మందిని అధ్యయనం చేశారు. వారిలో 24 మందిని ప్రణాళికాబద్ధ హంతకులుగా, 12 మందిని అస్తవ్యస్త హంతకులుగా విభజించారు. మొదటి రకం వాడు బాధితురాలిని ముందే ఎంచుకుంటాడు, మాటలతో లొంగదీసుకుంటాడు, ఆయుధం వెంట తెచ్చుకుని వెంట తీసుకుపోతాడు, శవాన్ని దాచిపెడతాడు. రెండో రకం వాడు చేతికి దొరికిన దానితో హఠాత్తుగా దాడి చేసి, అన్నీ అక్కడే వదిలేసి పోతాడు. ఈ విభజన ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాలలోకి ఎక్కింది.

ఇబ్బంది ఎక్కడంటే, ఆ 36 మందిలో 25 మంది మాత్రమే వరుస హంతకులు. అందరూ లైంగిక హత్యల కేసులలో శిక్ష పడినవారు, అందరూ మాట్లాడటానికి ఒప్పుకున్నవారు, చాలా వరకు తమ గురించి తామే చెప్పుకున్న మాటలు. అబద్ధం చెప్పడమే వృత్తిగా బతికినవారి ఆత్మకథనం మీద కట్టిన ఇల్లు అది. 2004లో బ్రిటన్ మనస్తత్వవేత్త డేవిడ్ కాంటర్ బృందం అమెరికాలోని వంద మంది వరుస హంతకులు చేసిన వంద హత్యలను, ఒక్కొక్కరి నుంచి ఒక్కొక్కటి చొప్పున తీసుకుని, 39 లక్షణాల ఆధారంగా పరీక్షించింది. రెండు విడివిడి గుంపులు కనబడలేదు. ప్రణాళిక అన్నది దాదాపు అన్ని వరుస హత్యలలోనూ ఎంతో కొంత ఉండే ఉమ్మడి లక్షణమని తేలింది. తేడాలన్నీ అస్తవ్యస్తత ఏ రూపంలో బయటపడింది అన్న చోటే ఉన్నాయి.

అమెరికా వరుస హంతకుడు టెడ్ బండీ ఇందుకు నిలువెత్తు ఉదాహరణ. చేతికి కట్టు కట్టుకుని, సాయం చేయమని యువతులను అడిగి కారు దగ్గరకు రప్పించుకున్నవాడు ప్రణాళికాబద్ధుడే. అదే మనిషి 1978 జనవరిలో ఫ్లోరిడాలో విద్యార్థినుల వసతిగృహంలో చొరబడి నిమిషాల వ్యవధిలో నలుగురి మీద విరుచుకుపడ్డాడు. అతను ఏ గడిలో ఉంటాడు? ఒకే మనిషిలో రెండూ ఉన్నప్పుడు గడి మనిషిది కాదు, ఆ రోజుది.


కొండపల్లి బొమ్మ
ఆదివారం, రాత్రి 8:30

తుంగభద్ర గారూ, ఒక్క సందేహం. ఇవన్నీ అంత బలహీనమైనవైతే సోవియట్ దేశపు వరుస హంతకుడు ఆండ్రీ చికటీలో కేసులో మనోవైద్యుడు బుఖనోవ్‌స్కీ రాసిన చిత్రణ అంత అక్కరకు ఎలా వచ్చింది? అరెస్టయ్యాక పోలీసుల దగ్గర నోరు విప్పనివాడు, ఆయన తన నివేదికను చదివి వినిపించిన తరువాతే నేరాలు ఒప్పుకున్నాడు కదా?


తుంగభద్ర
ఆదివారం, రాత్రి 9:20

మంచి ప్రశ్న. మీరన్నది నిజమే, ఒప్పుకున్నాడు. కాని ఆ నివేదిక అతడిని పట్టించలేదు. 1990 నవంబరులో రైల్వే స్టేషన్ల మీద పెట్టిన నిఘాలో, అడవి పక్కనున్న ఒక చిన్న స్టేషనులో కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న మనిషిని ఒక పోలీసు గమనించి పేరు రాసుకున్నాడు. ఆ పేరే ఆధారమైంది. పట్టుకున్నది నిఘా, నోరు విప్పించింది మనస్తత్వ జ్ఞానం. రెండూ వేరు పనులు.

ఆ కేసులో మరో రెండు సంగతులు ఉన్నాయి. 1984లోనే అతడు సంచిలో కత్తి, తాడుతో పోలీసులకు చిక్కాడు. రక్త వర్గం సరిపోలలేదని వదిలేశారు. అంతకు ముందే, 1978లో జరిగిన మొదటి హత్యకు అలెగ్జాండర్ క్రావ్‌చెంకో అనే మరొక మనిషిని దోషిగా తేల్చి 1983లో మరణశిక్ష అమలు చేశారు. ఇక దర్యాప్తు మధ్యకాలంలో, బుద్ధిమాంద్యం ఉన్న యువకులను పట్టుకుని వారిచేత నేరాలు ఒప్పించారు. ఇంత దారుణం చేసేవాడు తప్పక మతిలేనివాడై ఉంటాడన్న నమ్మకమే అందుకు కారణం. అసలు హంతకుడు చదువుకున్నవాడు, ఉద్యోగస్థుడు, ఇద్దరు బిడ్డల తండ్రి. 1992లో 52 హత్యలకు దోషిగా తేలాడు.


చిరుదీపం
సోమవారం, ఉదయం 6:50

ఈ వేదికలో నేను సాధారణంగా చదివి ఊరుకుంటాను. తుంగభద్ర గారి చివరి పేరా చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. పద్నాలుగేళ్ళుగా మందులు వాడుతున్నాడు. ఇంట్లో మొక్కలు పెంచుతాడు, అమ్మకు కూరగాయలు తరిగి ఇస్తాడు, కొత్తవాళ్ళు వస్తే లోపలి గదిలోకి వెళ్ళిపోతాడు. ఎక్కడ ఎవరు దారుణంగా హత్య చేసినా టీవీలో ‘సైకో’ అని పెద్ద అక్షరాలు పడతాయి. ఆ వారమంతా మా వీధిలో పిల్లలు వాడిని చూసి అదే మాట అంటారు. పోయిన సంవత్సరం అద్దె ఇంటి యజమాని ఖాళీ చేయమన్నప్పుడు చెప్పిన కారణం కూడా ఆ మాటే.

పాఠం తెలుగులో రాస్తున్నారు కాబట్టి వేదవతి గారిని వేడుకుంటున్నాను. ఆ మాట ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో పిల్లలకు స్పష్టంగా చెప్పండి. వర్గీకరణ గురించి మీరంతా ఇంత లోతుగా మాట్లాడుతున్నారు. మా ఇంటి మీద పడే వర్గీకరణ మాత్రం ఆ రెండక్షరాలదే.


మనోవైద్య మిత్ర
సోమవారం, మధ్యాహ్నం 2:10

చిరుదీపం గారూ, మీ తమ్ముడి గురించి రాసినందుకు కృతజ్ఞతలు. నేను మనోవైద్యుణ్ణి. మీరు ఎత్తిన విషయమే ఈ చర్చకు వెన్నెముక అని నమ్ముతున్నాను, కాబట్టి కొంచెం దీర్ఘంగా రాస్తాను.

తెలుగు పత్రికా భాషలో ‘సైకో’ అన్న ముక్క రెండు వేరు పదాలను మింగేసింది. ఒకటి సైకోసిస్, అంటే వాస్తవంతో తెగతెంపులు. లేని గొంతులు వినిపించడం, లేని కుట్రలు కనిపించడం. స్కిజోఫ్రీనియా ఈ కోవలోది, ఇది జబ్బు, దీనికి మందులు ఉన్నాయి. రెండోది సైకోపతి. ఇందులో భ్రాంతులు ఉండవు. మనిషికి తాను చేసేది ఏమిటో పూర్తిగా తెలుసు, అది తప్పని లోకం అనుకుంటుందని తెలుసు. ఎదుటివారి నొప్పి మాత్రం అతనిలో ఏ కదలికా తేదు. కెనడా మనస్తత్వవేత్త రాబర్ట్ హేర్ దీన్ని కొలవడానికి 20 అంశాల పట్టిక తయారు చేశారు. ఒక్కో అంశానికి 0 నుంచి 2 వరకు మార్కులు, మొత్తం 40, ఉత్తర అమెరికాలో 30 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ఆ లక్షణం బలంగా ఉన్నట్టు లెక్క. శిక్షణ పొందినవారు మనిషితో మాట్లాడి, రికార్డులు చూసి వేయవలసిన మార్కులు అవి. టీవీ తెర ముందు కూర్చుని వేసేవి కావు. సైకోపతి ఉన్నవారిలో అత్యధికులు ఎవరినీ చంపరు. స్కిజోఫ్రీనియా ఉన్నవారు హింస చేసేవారిగా కన్నా హింసకు గురయ్యేవారిగానే మా దగ్గరకు ఎక్కువగా వస్తారు.

మరి భ్రాంతులతో వరుసగా చంపినవారు అసలు లేరా అంటే, అరుదుగా ఉన్నారు. 1960లలో బొంబాయి పేవ్‌మెంట్ల మీద, గుడిసెలలో నిద్రిస్తున్న పేదలను చంపిన రామన్ రాఘవ్ అందులో ఒకడు. 1968లో పట్టుబడి 41 హత్యలు ఒప్పుకున్నాడు. కోర్టు మొదట మరణశిక్ష వేసింది. తరువాత మనోవైద్యుల బృందం పరీక్షించి, దీర్ఘకాలిక పారనాయిడ్ స్కిజోఫ్రీనియా (అనుమాన భ్రమలు ప్రధానంగా ఉండే రకం) ఉందని, కుదిరే అవకాశం లేదని తేల్చడంతో శిక్ష యావజ్జీవంగా మారింది. 1995లో పుణెలోని సాసూన్ ఆసుపత్రిలో చనిపోయాడు. కాలిఫోర్నియాలో 1972, 1973 సంవత్సరాలలో 13 మందిని చంపిన హెర్బర్ట్ మల్లిన్, తన బలుల వల్ల భూకంపం ఆగుతోందని నమ్మాడు.

వీరి పక్కనే పెట్టి చూడవలసినవాడు న్యూయార్క్ హంతకుడు డేవిడ్ బెర్కోవిట్జ్. 1977లో అరెస్టయినప్పుడు, పొరుగింటి కుక్కలో ఉన్న దయ్యం ఆజ్ఞాపించిందని చెప్పాడు. 1979లో జైలు నుంచే ఆ కథ కల్పించినదని ఒప్పుకున్నాడు. ఈ మాట విన్నవారు భ్రాంతులన్నీ నటనే అనుకోకూడదు. విలేకరుల సమావేశం జరిగిన సాయంత్రానికే ఎవరి మనసు గురించీ తీర్పు చెప్పలేమన్నంత వరకే దీని నుంచి గ్రహించాలి.

ఇంకొక హెచ్చరిక. పక్క తడపడం, నిప్పంటించడం, జంతువులను హింసించడం, ఈ మూడూ బాల్యంలో కనిపిస్తే పెద్దయ్యాక హంతకుడవుతాడన్న మాట తెలుగులోనూ బాగా తిరుగుతోంది. దీనికి మూలం 1963లో మెక్‌డొనాల్డ్ అనే మనోవైద్యుడు డెన్వర్‌లో వంద మంది రోగులను చూసి రాసిన వ్యాసం. ఆ వంద మంది చంపినవారు కారు, చంపుతామని బెదిరించినవారు. తరువాతి పరిశోధనలు ఈ మూడింటి జట్టును నిలబెట్టలేదు. జంతువుల మీద పదే పదే క్రూరత్వం చూపే పిల్లవాడిని తప్పక పట్టించుకోవాలి, తరచు వాడే ఇంట్లో హింస అనుభవిస్తూ ఉంటాడు. కాని పక్క తడిపే బిడ్డను తీసుకుని భయంతో నా దగ్గరకు పరుగెత్తుకు వచ్చిన తల్లులను చూశాను. వేదవతి గారూ, ఈ సిద్ధాంతాన్ని మీ పాఠంలో రాస్తే దాని పతనం కూడా అదే పేజీలో రాయండి.


న్యాయపథం
సోమవారం, సాయంత్రం 6:00

డాక్టరు గారి మాటలకు చట్టం వైపు నుంచి కొంత చేర్పు. భారత శిక్షాస్మృతిలో సెక్షన్ 84, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 22, అడిగేది వ్యాధి పేరును కాదు. చర్య చేసిన ఆ సమయంలో, మతిస్థిమితం లేకపోవడం వల్ల, తాను చేస్తున్నదేమిటో లేదా అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా అన్నదే ప్రశ్న. సైకోపతి ఉన్నవాడికి ఈ రక్షణ దొరకదు, ఎందుకంటే అతనికి తెలుసు. స్కిజోఫ్రీనియా ఉన్నంత మాత్రాన కూడా దొరకదు, ఆ క్షణంలోని స్థితిని నిరూపించాలి. ఇంగ్లాండులో వరుస హంతకుడు పీటర్ సట్‌క్లిఫ్ విచారణలో నలుగురు మనోవైద్యులు అతనికి పారనాయిడ్ స్కిజోఫ్రీనియా అని చెప్పినా, 1981లో జ్యూరీ ఆ వాదాన్ని తోసిపుచ్చి హత్యానేరమే ఖాయం చేసింది. మూడేళ్ళకు అతడిని జైలు నుంచి మనోవైద్యశాలకు తరలించారు.

నేను ముఖ్యంగా చెప్పదలచినది నిఠారీ గురించి. 2006 డిసెంబరులో నోయిడాలో పిల్లల అవశేషాలు బయటపడినప్పుడు, ఆ ఇంటి పనివాడి మనస్తత్వం గురించి దేశంలో విశ్లేషించని ఛానల్ లేదు. నరమాంస భక్షణ అన్నారు, శవకాముకత అన్నారు, మన తెలుగులోనూ పేజీలకు పేజీలు వచ్చాయి. 2023 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు అతడిని పన్నెండు కేసులలో నిర్దోషిగా విడుదల చేసింది. అరవై రోజుల పోలీసు కస్టడీ తరువాత, వైద్య పరీక్ష లేకుండా నమోదైన ఒప్పుకోలును నమ్మలేమని చెప్పింది. 2025 జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది, నవంబరులో మిగిలిన ఒక్క కేసు కూడా కొట్టివేసింది. పదహారేళ్ళకు పైగా మనం ఎవరి మనసును వర్గీకరించాం? ఆ పిల్లల తల్లిదండ్రులకు ఈనాటికీ జవాబు లేదు. నేరం రుజువు కాకముందే మనస్తత్వ విశ్లేషణ మొదలైతే, విశ్లేషణే రుజువుగా చలామణీ అవుతుంది. నా మటుకు నేను విచారణ పూర్తికాని ఏ కేసునూ పాఠంలో పేరు పెట్టి చేర్చవద్దనే అంటాను.


వేదవతి
సోమవారం, రాత్రి 9:45

ఒక్క రోజులో నాకు ఇంత పని దొరుకుతుందని అనుకోలేదు. మెక్‌డొనాల్డ్ సిద్ధాంతం నా నోట్సులో ‘ముందస్తు సూచనలు’ అన్న శీర్షిక కింద ఉంది. రేపే తిరగరాస్తాను.

ఇప్పుడు మాటల సమస్య. రోనల్డ్ హోమ్స్, జేమ్స్ డి బర్గర్ 1980లలో ప్రేరణను బట్టి చేసిన నాలుగు వర్గాలకు తెలుగు పేర్లు కావాలి. దైవమో దయ్యమో ఆజ్ఞాపించిందని చంపేవారికి ‘దర్శన ప్రేరితులు’ అని రాసుకున్నాను. లోకంలో ఫలానా వర్గం ఉండకూడదని చంపేవారికి ‘ధ్యేయ ప్రేరితులు’. సుఖం కోసం, ఉత్కంఠ కోసం, డబ్బు కోసం చంపేవారికి ‘భోగ ప్రేరితులు’. ఒక ప్రాణం పూర్తిగా తమ చేతిలో ఉందన్న అనుభూతి కోసం చంపేవారికి ‘ఆధిపత్య ప్రేరితులు’. ఎలా ఉన్నాయి?


కొండపల్లి బొమ్మ
సోమవారం, రాత్రి 10:30

‘దర్శనం’ వద్దండీ. మనకది గుడిలో దొరికే మాట, పెద్దలను చూడబోతే వాడే మాట. ‘భ్రాంతి ప్రేరితులు’ అంటే సరిపోతుంది. ధ్యేయం కూడా మంచిదానికే వాడతాం. ‘నిర్మూలన ప్రేరితులు’ అంటే వారి మనసులోని మాటే వారి పేరవుతుంది. డబ్బు కోసం చంపేవారిని భోగులతో కలపడం నాకు అర్థం కాలేదు. లాభం వేరు, భోగం వేరు కదా?


పాత కేసు డైరీ
మంగళవారం, ఉదయం 7:30

కొండపల్లి బొమ్మ గారు సరైన చోట వేలు పెట్టారు. ఆ నాలుగు గడులలో డబ్బు కోసం చంపేవారికి సగం గడి మాత్రమే ఇచ్చారు. మన రెండు రాష్ట్రాలలో ఇటీవల వెలుగులోకి వచ్చిన కేసులను చూస్తే, ఆ సగం గడే నిండిపోయింది.

న్యాయపథం గారి సూచనను మన్నించి పేర్లు రాయను, పోలీసులు బహిరంగంగా ప్రకటించిన మేరకే చెబుతాను. 2019 నవంబరులో ఏలూరు పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేసి, గోదావరి, కృష్ణా జిల్లాలలో పది మందికి ప్రసాదంలో సైనైడ్ కలిపి పెట్టి చంపాడని ప్రకటించారు. ఎర ఏమిటి? బియ్యపు గింజలను లాగే మహిమ ఉందని నమ్మించే రైస్ పుల్లింగ్ నాణెం, గుప్తనిధులు, బంగారం రెట్టింపు. 2023 డిసెంబరులో నాగర్‌కర్నూల్‌లో మరొకరి అరెస్టు, పదకొండు హత్యల ఆరోపణ. అక్కడా గుప్తనిధులే, అక్కడా విషమే. ఈ రెండింటి మధ్య దూరం వందల కిలోమీటర్లు, పద్ధతి మాత్రం ఒకే అచ్చు.

ఈ పద్ధతి బలమంతా రహస్యంలో ఉంది. లంకెబిందెల కోసం వెళ్ళేవాడు ఎక్కడికి వెళుతున్నాడో ఇంట్లో చెప్పడు; చెబితే నిధి దక్కదని నమ్ముతాడు. అప్పు చేసి తెచ్చిన డబ్బు, భార్య నగలు తనంతట తానే పట్టుకెళతాడు. ప్రసాదం కాబట్టి కళ్ళకద్దుకుని తింటాడు. డబ్బును, రహస్యాన్ని, సాక్షి లేని ఏకాంతాన్ని మూడింటినీ బాధితుడే సమకూరుస్తాడు. చనిపోయాక ఒంటి మీద గాయం ఉండదు. గుండెపోటు అనుకుని ఇంటివాళ్ళు దహనం చేస్తారు, అనుమానం ఉన్నవాళ్ళు కూడా పరువుకు భయపడి నోరెత్తరు. పోస్టుమార్టం జరిగి, విస్రాను, అంటే లోపలి అవయవాల నమూనాలను, పరీక్షకు పంపితే తప్ప అక్కడ హత్య జరిగిందన్న సంగతే పుట్టదు. అమెరికా పట్టికలలో ఈ రకపు హంతకుడి మనసు గురించి పది వాక్యాలు దొరకవు; రక్తం లేని చోట అక్కడివారికి కుతూహలం తక్కువ.

నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. నేను ఎస్సైగా ఉన్న రోజులలో అడ్డా కూలీగా బతికే ఒకామె కనిపించడం లేదని ఆమె తల్లి ఫిర్యాదు ఇచ్చింది. కల్లు అలవాటు ఉన్న మనిషి, ఇంతకు ముందు కూడా రెండు మూడు రోజులు రాకుండా ఉన్నదని వాకబులో తేలింది. మిస్సింగ్ కేసు కట్టి, ‘పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్ళి ఉండవచ్చు’ అని డైరీలో రాశాను. ఆ తల్లి ప్రతి సోమవారం స్టేషనుకు వచ్చి బెంచీ మీద కూర్చునేది. ఏడు నెలల తరువాత పక్క సర్కిల్ పరిధిలో అస్థిపంజరం దొరికింది, మెడలోని దారాన్ని బట్టి తల్లి గుర్తుపట్టింది. చంపినవాడు దొరకలేదు. ఒక్కడే ఇంకెవరినైనా చంపాడో లేదో నాకు తెలియదు, ఎందుకంటే నేను వెతకలేదు. 2021 జనవరిలో హైదరాబాద్ పోలీసులు, కల్లు కాంపౌండ్ల దగ్గర పరిచయం చేసుకున్న స్త్రీలను ఏళ్ళ తరబడి చంపుతూ వచ్చాడని ఒక వ్యక్తిని అరెస్టు చేసినప్పుడు ఆ బెంచీయే కళ్ళ ముందుకు వచ్చింది.


తుంగభద్ర
మంగళవారం, మధ్యాహ్నం 1:15

మీరు ఇది రాసినందుకు నమస్కరిస్తున్నాను, మాస్టారూ. మీరు చెప్పినది మీ ఒక్కరి తప్పు కాదని చెప్పడానికి రాయడం లేదు. అది ఎక్కడెక్కడ జరిగిందో చూపడానికి రాస్తున్నాను.

న్యాయపథం గారు ప్రస్తావించిన సట్‌క్లిఫ్ 1975 నుంచి 1980 వరకు ఇంగ్లాండు ఉత్తరాన 13 మంది స్త్రీలను చంపాడు. దర్యాప్తు అధికారులు మొదటి నుంచే ‘ఇతడు వ్యభిచారం చేసే స్త్రీలనే చంపేవాడు’ అని తీర్మానించుకున్నారు. నిర్మూలన ప్రేరితుడి గడి అన్నమాట. దాని ఫలితంగా, 1975లోనే అతని దాడి నుంచి ప్రాణాలతో బయటపడి చక్కటి పోలికలు చెప్పిన ఒక పాఠశాల బాలికను, ఆమె ఆ వృత్తిలో లేదు కాబట్టి, అదే హంతకుడి లెక్కలో చేర్చలేదు. 1979లో ఎవరో ఆకతాయి హంతకుడినంటూ పంపిన టేపులోని యాసను నమ్మి, ఆ యాస లేనివారిని అనుమానితుల నుంచి తొలగించారు. సట్‌క్లిఫ్‌ను పోలీసులు తొమ్మిది సార్లు ప్రశ్నించి వదిలేశారు. ఆ టేపు వచ్చాక మరో ముగ్గురు స్త్రీలు చనిపోయారు. చివరకు పట్టించింది కారుకున్న దొంగ నంబరు పలక.

కెనడాలో రాబర్ట్ పిక్‌టన్ అనే వరుస హంతకుడి కేసులోనూ అంతే. వాంకూవర్ పేదపేట నుంచి మాయమైన స్త్రీలలో ఎందరో ఆదివాసీలు, మత్తుమందులకు బానిసలైనవారు. వారి గురించి ఇచ్చిన ఫిర్యాదులను పోలీసులు పట్టించుకోలేదని 2012లో విచారణ సంఘం తేల్చింది. అమెరికా పరిశోధకుడు స్టీవెన్ ఎగ్గర్ ఇలాంటి బాధితులకు ఒక పేరు పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే ‘తక్కువగా చచ్చినవారు’. బతికి ఉండగానే లోకం లెక్కలో లేనివారు కాబట్టి, చచ్చినా పూర్తిగా చచ్చినట్టు ఎవరూ నమోదు చేయరు.

ఇంగ్లాండు వైద్యుడు హెరాల్డ్ షిప్‌మన్‌ను కూడా ఈ వరుసలోనే చూస్తాను. 2000లో 15 హత్యలకు శిక్ష పడింది, తరువాత జానెట్ స్మిత్ విచారణ సంఘం 215 మందిని చంపాడని నిర్ధారించింది. చాలామంది వృద్ధ స్త్రీలు. డయామార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు సూది ఇచ్చి, మరణ ధ్రువపత్రం మీద తానే సంతకం చేసేవాడు. ఎందుకు చంపాడో అతను చెప్పలేదు, 2004లో జైలులో ఉరివేసుకున్నాడు. నాలుగు గడులలో ఏదీ అతనికి అతకదు. కాని బాధితుల వైపు నుంచి చూస్తే అంతా కనిపిస్తుంది: ముసలివాళ్ళు కదా పోతారు అన్న ఒక్క ఆలోచన అతనికి ఇరవై ఏళ్ళు కాపలా కాసింది. 1998 మార్చిలో పక్క క్లినిక్ వైద్యురాలు, మరణాలు మరీ ఎక్కువగా ఉన్నాయని అధికారులకు చెప్పింది కూడా. వారు సరిగా విచారించలేదు, ఆ తరువాత మరో ముగ్గురు పోయారు.


మనోవైద్య మిత్ర
మంగళవారం, సాయంత్రం 5:40

మెదడు చిత్రాల గురించి ఎవరూ అడగలేదు గాని, విద్యార్థులు తప్పక అడుగుతారు కాబట్టి ఒక్క మాట. 1997లో ఏడ్రియన్ రేన్ బృందం 41 మంది హంతకుల మెదళ్ళను చిత్రీకరించి, నుదుటి వెనుక భాగంలో చురుకుదనం సగటున తక్కువగా ఉందని చూపింది. సగటు అన్న మాటను గట్టిగా పట్టుకోండి. ఒక మనిషి స్కాను చూసి హంతకుడని చెప్పడానికి అది పనికిరాదు, ఆ మాట ఆ పరిశోధకులే హెచ్చరించారు.


చిరుదీపం
మంగళవారం, రాత్రి 8:15

డాక్టరు గారి మొదటి టపాను అచ్చు తీసి మా అమ్మకు చదివి వినిపించాను. రెండు జబ్బుల తేడా చెప్పిన పేరాను మళ్ళీ చదవమంది. ఇంటి యజమానికి ఇచ్చి చదివించవచ్చా అని అడిగింది. వేదవతి గారి పాఠం పూర్తయ్యాక ఒక ప్రతి పంపితే అదే ఇస్తాను.


వేదవతి
మంగళవారం, రాత్రి 10:05

తప్పకుండా పంపుతాను, చిరుదీపం గారూ. ‘సైకో’ అన్న మాటకు ప్రత్యేకంగా ఒక పేజీ కేటాయించాను, అది పాఠంలో మొదటి పేజీ అవుతుంది.

గొర్రెకుంటను వర్గీకరణ ఉదాహరణగా తీసేశాను. నిర్వచనం దేనికి పుట్టిందో చెప్పే చోట మాత్రం ఉంచాను. పరీక్ష ప్రశ్న కూడా మార్చాను. ‘ఈ క్రింది హంతకుడు ఏ వర్గానికి చెందుతాడు?’ అని ఉండేది. ఇప్పుడు హంతకుడి ఊసే లేకుండా, ఆరుగురు కల్పిత వ్యక్తుల మరణ వివరాలు ఇస్తాను: వయసు, ఊరు, పని, చివరగా ఎవరు చూశారు, ఇంటివాళ్ళు ఏమన్నారు. వీటిలో ఏ మరణాలను పక్కపక్కన పెట్టి చూస్తారు, ఇంకా ఏం అడుగుతారు అన్నది ప్రశ్న. పాత కేసు డైరీ గారు ఒకసారి చూసి సరిదిద్దితే ధైర్యంగా ఉంటుంది.


పాత కేసు డైరీ
బుధవారం, ఉదయం 6:20

చూశానమ్మా. రెండు మార్పులు చెబుతాను. ఆరుగురినీ ఒకే కాగితం మీద ఇవ్వకండి. మూడు స్టేషన్ల పేర్లతో మూడు వేరు కాగితాల మీద, మూడు వేరు రోజులలో ఇవ్వండి, మాకు అలాగే వచ్చేవి. రెండోది, వాటి మీద హత్య అన్న మాట రాయకండి. నాలుగింటి మీద సహజ మరణం అని, ఒకదాని మీద అనుమానాస్పద మృతి అని రాయండి. ఆరో కాగితం మిస్సింగ్ కేసుది. అందులో ఫిర్యాదు చేసినది తల్లి అని, ప్రతి సోమవారం స్టేషనుకు వస్తోందని రాయండి.